న్యూజిలాండ్‌లో నడక, పడవ, సైకిల్: ఉన్న రోజులకు ఏది సరిపోతుంది?

న్యూజిలాండ్ పటాన్ని ముందు పెట్టుకుని ప్రయాణం ఆలోచించేవారిలో చాలామంది రెండు వారాల్లో రెండు దీవులూ తిరిగి రావచ్చని అనుకుంటారు. దూరాలను రోడ్డు మీద కొలిచి చూస్తే ఆ లెక్క నిలవదు. ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్‌కు సుమారు 640 కిలోమీటర్లు. అక్కడ కారును ఓడ ఎక్కించి కుక్ జలసంధి దాటి పిక్టన్ చేరడానికి మూడున్నర గంటలు పడుతుంది. పిక్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కు దాదాపు 340, క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్‌కు దాదాపు 480 కిలోమీటర్లు. అంటే ఒక వైపు ప్రయాణమే 1,400 కిలోమీటర్లు దాటుతుంది. కిటికీలోంచి దృశ్యాలు చూస్తూ సాగిపోవడమే కోరిక అయితే ఇందులో తప్పేమీ లేదు. కానీ కొండల్లో నడవాలని, సముద్రంలో కయాక్ అనే చిన్న పడవ తొయ్యాలని, సైకిల్ మీద లోయలు దాటాలని అంత దూరం వెళ్లేవారికి స్టీరింగ్ వెనుక గడిచిన ప్రతి రోజూ నడకలోంచి తీసేసిన రోజే అవుతుంది.

అందుకే ఈ ఎంపికలో నా మొదటి సలహా స్థలాల గురించి కాదు, విడిచిపెట్టవలసిన వాటి గురించి. మూడు వారాల కంటే తక్కువ సమయం ఉంటే ఒక్క దీవినే ఎంచుకోవాలి. ఆ దీవిలో కూడా రెండు లేదా మూడు ఊళ్లనే మకాంగా పెట్టుకోవాలి. ప్రతి మకాం దగ్గర కనీసం ఒక్క రోజును ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా వదలాలి. ఈ ఖాళీ రోజు విశ్రాంతి కోసం కాదు, వాతావరణం కోసం. ఆ దేశంలో ఏ రోజు ఏ కనుమ దాటాలో చివరికి నిర్ణయించేది వానా గాలీ కాబట్టి, వాటికి చోటు ఇవ్వని పథకం కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా కొండ కింద చెదిరిపోతుంది.

ఉత్తర దీవి, దక్షిణ దీవి

రెండింటి స్వభావమూ వేరు. దక్షిణ దీవిని నిలువునా సదరన్ ఆల్ప్స్ పర్వతశ్రేణి చీలుస్తుంది. దేశంలోకెల్లా ఎత్తైన ఆఓరాకి లేదా మౌంట్ కుక్ శిఖరం, 3,724 మీటర్లు, అక్కడే ఉంది. హిమానీనదాలు, అవి తవ్విన లోతైన లోయలు, ఆ లోయల్లోకి సముద్రం చొచ్చుకువచ్చి ఏర్పడిన ఫియర్డ్‌లు, చెట్టు చేమ లేని రాతి కనుమలు దక్షిణ దీవి సంపద. ఉత్తర దీవి అగ్నిపర్వతాల నేల. పొగలు కక్కే బిలాలు, ఉడుకుతున్న బురద గుంటలు, దట్టమైన అడవుల మధ్య సాగే నదులు, అక్కడి మూలవాసులైన మావోరీల జీవనానికి మరింత దగ్గరగా ఉండే ఊళ్లు అక్కడ కనిపిస్తాయి.

నాలుగైదు రోజులు వరుసగా నడిచే సుదీర్ఘ నడకలే ప్రధాన కోరిక అయితే దక్షిణ దీవిని ఎంచుకోవడంలో నాకు సందేహం లేదు. ఒక్కొక్క రోజు ఒక్కొక్క రకం అనుభవం కావాలని, అంటే ఒక రోజు అగ్నిపర్వతం మీద నడక, మూడు రోజులు నదిలో పడవ, మరో రోజు అడవిలో మౌంటెన్ బైకింగ్, ఇంకో రోజు గుహల్లో మిణుగురు పురుగుల వెలుగు కావాలని అనుకునేవారికి ఉత్తర దీవే తగినది. టాంగరీరో, వాంగనుయి నది, రొటోరువా, వైటోమో గుహలు ఒకదానికొకటి కొద్ది గంటల దూరంలోనే ఉన్నాయి. ఉత్తర దీవిని కేవలం విమానం దిగే చోటుగా భావించి వెంటనే దక్షిణానికి పరుగెత్తే అలవాటు చాలామందిలో ఉంది. వారం, పది రోజుల ప్రయాణానికి అది తెలివైన పని కాకపోవచ్చు.

వాన ఎటు కురుస్తుందో ముందుగా తెలుసుకోవాలి

ఆ అక్షాంశాల్లో పడమటి గాలులు ఏడాది పొడవునా బలంగా వీస్తాయి. టాస్మన్ సముద్రం మీద తేమను నింపుకుని వచ్చిన గాలి సదరన్ ఆల్ప్స్‌ను ఢీకొని పైకి లేచి, చల్లబడి, పడమటి వైపునే కుండపోతగా కురుస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగేసరికి ఆ గాలి పొడిబారిపోతుంది. ఫలితంగా పడమట మిల్‌ఫర్డ్ సౌండ్ అనే ఫియర్డ్‌లో ఏటా 6 మీటర్లకు పైగా వాన కురిస్తే, అదే దక్షిణ దీవిలో సెంట్రల్ ఒటాగోలోని అలెగ్జాండ్రాలో ఏడాది మొత్తానికి సుమారు 350 మిల్లీమీటర్లే పడుతుంది. నేరుగా కొలిస్తే ఈ రెండు చోట్ల మధ్య దూరం 150 కిలోమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది.

ఈ ఒక్క విషయం అర్థమైతే పథకం సగం సిద్ధమైనట్టే. మిల్‌ఫర్డ్ సౌండ్ ఉన్న ఫియర్డ్‌లాండ్ ప్రాంతంలో వాన కురిసే రోజున తూర్పు వైపు సైకిల్ తొక్కవచ్చు. నెల్సన్, ఏబెల్ టాస్మన్ తీరం దేశంలో ఎండ ఎక్కువగా కాసే ప్రాంతాల్లో ఒకటి కాబట్టి, వానకు బెదిరేవారు అటు మొగ్గవచ్చు. అయితే మిల్‌ఫర్డ్ ప్రాంతానికి వెళ్లి వాన పడిందని బాధపడటం అనవసరం. వాన కురిసిన గంటలోపే అక్కడి నిలువు రాతి గోడల మీద వందలాది జలపాతాలు పుట్టుకొస్తాయి. పొడి రోజున అక్కడికి వెళ్లినవారికి ఆ దృశ్యం దక్కదు.

ఋతువుల విషయానికి వస్తే, అక్కడ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి వేసవి నెలలు. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా అక్కడి బడులకు వేసవి సెలవులు కాబట్టి స్థానిక కుటుంబాలన్నీ అదే సమయంలో తీరాలకు, కొండలకు బయలుదేరుతాయి. గదులు, ఓడలు, నడక దారుల్లో రాత్రి తలదాచుకునే హట్‌లు అన్నీ నిండిపోతాయి. నా దృష్టిలో నడకకు అన్నిటికంటే మంచి కాలం ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి చివరి దాకా. అప్పటికి జనం పలచబడతారు, వసంతకాలపు గాలులు ఉండవు, ఎత్తైన కనుమల మీద మంచు కరిగిపోయి ఉంటుంది, సముద్రపు నీరు కూడా ఉన్నంతలో వెచ్చగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో లోయలు పచ్చగా ఉన్నా కనుమల మీద మంచు మిగిలి ఉండి మంచు చరియలు విరిగిపడే ప్రమాదం పొంచి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా స్కీయింగ్ కాలం. ఆ నెలల్లో ఎత్తైన దారుల్లో నడవాలంటే ఐస్ యాక్స్ అనే మంచు గొడ్డలి, క్రాంపాన్లు అనే బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లు వాడటం తెలిసి ఉండాలి, లేదా గైడ్ వెంట ఉండాలి. మిల్‌ఫర్డ్ ట్రాక్ అనే నడక దారిలో మంచు చరియలకు కొట్టుకుపోకుండా కొన్ని వంతెనలను శీతాకాలంలో తీసివేస్తారు కూడా.

నాలుగు పేరున్న నడకలు, వాటిలో ఎంపిక

దేశంలోని పరిరక్షణ శాఖను అక్కడ అందరూ డాక్ అని పిలుస్తారు. ఎంపిక చేసిన కొన్ని దారులను ఆ శాఖ గ్రేట్ వాక్స్ అనే పేరుతో ప్రత్యేకంగా నిర్వహిస్తుంది. దారి పొడవునా నడిచేవారు రాత్రి పడుకోవడానికి హట్‌లు ఉంటాయి. ఇవి హోటళ్లు కావు. పరుపు వేసిన బంకు మంచాలు, తాగునీరు, మరుగుదొడ్డి, కొన్ని చోట్ల వంటకు గ్యాస్ పొయ్యిలు మాత్రమే ఉంటాయి. స్లీపింగ్ బ్యాగ్, గిన్నెలు, నాలుగు రోజుల తిండి ఎవరి వీపు మీద వారే మోసుకోవాలి. ముందుగా పేరు నమోదు చేసుకోనివారికి చోటు దొరకదు. చాలా దారుల్లో విదేశీయులకు రుసుము స్థానికుల కంటే ఎక్కువ.

వీటిలో అందరి నోటా వినిపించే పేరు మిల్‌ఫర్డ్ ట్రాక్. పొడవు 53.5 కిలోమీటర్లు, నాలుగు రోజుల నడక, మెకినన్ కనుమ దగ్గర ఎత్తు 1,154 మీటర్లు. దారిలో 580 మీటర్ల ఎత్తు నుంచి మూడు అంచెలుగా దూకే సదర్లాండ్ జలపాతం కూడా ఉంది. తె అనౌ సరస్సు మీద పడవలో వెళ్లి మొదలుపెట్టి, చివర మళ్లీ పడవలో మిల్‌ఫర్డ్ సౌండ్ చేరాలి. సీజన్‌లో ఒకే దిశలో నడవాలి, ప్రతి రాత్రీ నిర్ణయించిన హట్‌లోనే ఉండాలి, గుడారం వేయడానికి వీల్లేదు. సొంతంగా నడిచేవారిని రోజుకు 40 మందినే అనుమతిస్తారు. దీని అందం గురించి రాసినవన్నీ నిజమే. అయినా దూరం నుంచి వచ్చేవారికి దీన్ని మొదటి ఎంపికగా చెప్పడానికి నాకు మనసొప్పదు. కారణం దారి కాదు, దాని బిగువు. బుకింగ్ తెరుచుకున్న కొద్దిసేపటికే తేదీలు అయిపోతాయి. దొరికిన తేదీన వాన కురిసినా ఒక రోజు ఆగే వీలు లేదు. భారీ వానల్లో దారి మునిగి నడిచేవారిని హెలికాప్టర్‌లో దాటించిన సందర్భాలు ఉన్నాయి. ప్రయాణం మొత్తాన్ని ఆ నాలుగు రోజుల చుట్టూ కట్టడానికి సిద్ధపడినవారే దీన్ని ఎంచుకోవాలి. సొంతంగా మోయలేనివారికి గైడ్‌తో, ప్రత్యేక విడిదుల్లో పడకతో, వండి పెట్టిన భోజనంతో నడిచే ఏర్పాటు ఉంది కానీ దాని ఖర్చు హట్ రుసుముకు ఎన్నో రెట్లు.

రూట్‌బర్న్ ట్రాక్ పొడవు దాదాపు 33 కిలోమీటర్లే. రెండు లేదా మూడు రోజుల్లో అయిపోతుంది, ఏ వైపు నుంచైనా మొదలుపెట్టవచ్చు. హారిస్ కనుమ దగ్గర 1,255 మీటర్ల ఎత్తుకు చేరాక ఎదురుగా హాలీఫర్డ్ లోయ, దాని అవతల డారన్ పర్వతాల వరుస తెరచినట్టు కనిపిస్తాయి. తక్కువ రోజుల్లో ఎక్కువ ఎత్తైన నేలను చూపించేది ఇదే. చిక్కు ఒకటే. కొండల మీద 33 కిలోమీటర్ల దూరాన ఉన్న రెండు చివరల మధ్య రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఒక చివర కారు వదిలి రెండో చివర దిగినవారు షటిల్ బస్సు కోసం డబ్బుతోపాటు దాదాపు ఒక పూటను కూడా ఖర్చుపెట్టాలి.

ఆ చిక్కు లేనిది కెప్లర్ ట్రాక్. 60 కిలోమీటర్ల ఈ దారి తె అనౌ ఊరి పక్కనే మొదలై చుట్టు తిరిగి అక్కడికే చేరుతుంది. మిల్‌ఫర్డ్, రూట్‌బర్న్ దారుల మీద ఒత్తిడి తగ్గించాలనే ఉద్దేశంతో దీన్ని నిర్మించి 1988లో ప్రారంభించారు. మొదటి రోజు బీచ్ (beech) అనే జాతి చెట్ల అడవిలో ఎక్కి లక్స్‌మోర్ హట్ చేరితే, రెండో రోజంతా చెట్లు పెరగని ఎత్తులో, రెండు వైపులా జారిపోయే శిఖరపు వెన్ను మీద నడక సాగుతుంది. ఆ రెండో రోజు గాలి బలంగా ఉంటే దారి నిజంగానే ప్రమాదకరం. అయితే నాలుగు దారుల్లోనూ తేదీలకు తట్టుకునే గుణం దీనికే ఎక్కువ. హట్ దొరక్కపోయినా, వాతావరణం సహకరించకపోయినా, తె అనౌలో మకాం పెట్టి ఉదయాన్నే బయలుదేరి లక్స్‌మోర్ హట్ దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మొదటిసారి వెళ్లే, శరీరం దృఢంగా ఉన్న నడకరికి నేను ముందు చెప్పే పేరు కెప్లర్.

నాలుగోది వీటన్నిటికీ దూరంగా, దక్షిణ దీవి ఉత్తరపు కొసన ఉన్న ఏబెల్ టాస్మన్ తీర మార్గం. 60 కిలోమీటర్లు, మూడు నుంచి ఐదు రోజులు, ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది. ఎత్తులు లేవు, కనుమలు లేవు. బంగారు రంగు ఇసుక తీరాలు, వాటి మధ్య పచ్చని కొండముక్కులు. దీని గొప్ప సౌకర్యం వాటర్ టాక్సీలు. మరహౌ నుంచి పడవలో బయలుదేరి నచ్చిన తీరంలో దిగి, నచ్చినంత దూరం నడిచి, మరో తీరంలో పడవ ఎక్కవచ్చు. బరువు మోయలేనివారు, పెద్దవాళ్లు, పదేళ్ల పిల్లలు కూడా దీన్ని తమ శక్తి మేరకు ముక్కలు చేసుకోవచ్చు. జాగ్రత్త పడవలసింది అవరోవా అనే సముద్రపు పాయ దగ్గర. దానికి వంతెన లేదు. సముద్రం పూర్తిగా వెనక్కి తగ్గే సమయానికి ముందు గంటన్నర, తర్వాత రెండు గంటలు మాత్రమే కాలినడకన దాటడానికి వీలుంటుంది. ఆటుపోట్ల పట్టిక చూడకుండా హట్ బుక్ చేసుకుంటే తెల్లవారుజామున చీకట్లో నీళ్లలో దిగవలసి వస్తుంది, లేదా పూట పూటంతా ఒడ్డున కూర్చోవలసి వస్తుంది. ఇక్కడి హట్‌లలో వంట పొయ్యిలు ఉండవు కాబట్టి చిన్న గ్యాస్ స్టవ్ వెంట ఉండాలి.

ఇదే పాయ పక్కన ఉన్న అవరోవా తీరం ఒక ప్రైవేటు ఆస్తిగా అమ్మకానికి వచ్చినప్పుడు, 2016లో దేశంలోని వేలాదిమంది సామాన్యులు చందాలు వేసుకుని దాన్ని కొని జాతీయ ఉద్యానవనంలో కలిపేశారు. ఆ ఇసుక మీద కాలు పెట్టేటప్పుడు గుర్తుంచుకోదగిన విషయమిది.

ఒక్క రోజు నడకలు

హట్‌లలో పడుకోవడం అందరికీ సరిపడదు. ముప్పై మంది ఒకే గదిలో, గురకల మధ్య, తడిసిన బూట్ల వాసనలో నిద్రపోవాలి. అది ఇష్టం లేనివారు తక్కువ అనుభవంతో సరిపెట్టుకున్నట్టు భావించనక్కరలేదు. రోజు నడకల్లోనే ఆ దేశపు ఉత్తమ దృశ్యాలు కొన్ని ఉన్నాయి. రూట్‌బర్న్ దారి పడమటి చివరన ఉన్న ది డివైడ్ నుంచి కీ సమ్మిట్ దాకా వెళ్లి రావడానికి మూడు గంటలు చాలు. మౌంట్ కుక్ గ్రామం నుంచి 2,000కు పైగా మెట్లెక్కి సీలీ టార్న్స్ అనే చిన్న మడుగులకు, శక్తి ఉంటే ఇంకా పైకి ముల్లర్ హట్‌కు వెళ్లవచ్చు.

రోజు నడకల్లో అన్నిటికంటే పేరున్నది ఉత్తర దీవిలోని టాంగరీరో ఆల్పైన్ క్రాసింగ్. పొడవు సుమారు 20 కిలోమీటర్లు, సమయం ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఎత్తైన చోటు రెడ్ క్రేటర్ దగ్గర 1,886 మీటర్లు. ఎర్రని బిలపు అంచు నుంచి కిందకు, జారే బూడిద రాళ్ల మీద, పచ్చలాంటి మూడు సరస్సుల వైపు దిగుతారు. దారిలో తాగునీరు దొరకదు, నీడ లేదు, గాలికి అడ్డు లేదు. ఒక వైపు మొదలై మరో వైపు ముగిసే దారి కనుక షటిల్ బస్సు తప్పనిసరి. మొదలయ్యే చోట కార్లు నాలుగు గంటలకు మించి నిలపనివ్వరు. 1887లో మావోరీ పెద్ద తె హెయుహెయు తుకినో అప్పగించిన శిఖరాల చుట్టూ ఏర్పడిన టాంగరీరో జాతీయ ఉద్యానవనం దేశంలో మొదటిది. అక్కడి తెగవారికి ఆ శిఖరాలు పూర్వీకులతో సమానం. అందుకే న్గౌరుహోయి శిఖరం ఎక్కవద్దని, సరస్సుల నీటిని తాకవద్దని కోరుతారు. ఈ కోరికను పాటించడం అతిథి కనీస బాధ్యత.

ఈ ఒక్క నడక కోసం ఉత్తర దీవికి వెళ్లేవారు ఆ ప్రాంతంలో కనీసం మూడు రాత్రులు ఉండాలి. ఒకే ఒక రాత్రి పెట్టుకుని, మర్నాడు గాలి వల్ల షటిల్‌లు నడవక, కొండను కింద నుంచి చూసి వెళ్లిపోయేవారు తక్కువేమీ కాదు.

నీటి మీద: తీరమా, నదా?

ఏబెల్ టాస్మన్‌లో సముద్ర కయాకింగ్, ఉత్తర దీవిలో వాంగనుయి నది మీద కెనూ ప్రయాణం, ఈ రెండే ఈ విషయంలో ప్రధాన ఎంపికలు. మొదటిదానికి అనుభవం అక్కరలేదు. ఒక పూట గైడ్‌తో వెళ్లవచ్చు, ఒక రోజు పడవలో వెళ్లి మరో రోజు నడిచి రావచ్చు, నీళ్లు తేటగా ఉంటాయి, రాళ్ల మీద సీల్స్ కనిపిస్తాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది కనుక ఉదయపు బయలుదేరింపులే మేలు.

రెండోది అలా కాదు. టౌమరునుయి నుంచి పిపిరికి దాకా 145 కిలోమీటర్లు, ఐదు రోజులు. సమయం లేనివారికి వాకహోరో నుంచి మొదలయ్యే మూడు రోజుల ప్రయాణం ఉంది. నది మీద సాగినా దీన్ని కూడా గ్రేట్ వాక్స్ జాబితాలోనే చేర్చారు. చిన్న చిన్న సుడులలో పడవ బోల్తా పడటం మామూలే కాబట్టి సామాను నీరు చొరని డ్రమ్ముల్లో పెట్టి తాళ్లతో కట్టేస్తారు. 2017లో పార్లమెంటు చేసిన చట్టం ఈ నదిని చట్టపరమైన వ్యక్తిగా గుర్తించింది. నేనే నది, నదే నేను అని అక్కడి మావోరీలు తరతరాలుగా చెప్పుకునే మాటకు అది చట్టం ఇచ్చిన రూపం. దారిలో తీయెకె కైంగా అనే చోట విడిది చేస్తే, అది హట్ మాత్రమే కాదు, వారి సభాస్థలి కూడా. అక్కడి ఆచారం ప్రకారం స్వాగతం పొంది లోపలికి అడుగుపెట్టాలి. ఒక సెలవులో దృశ్యంతోపాటు మనుషుల పరిచయం కూడా కావాలనుకునేవారికి దేశం మొత్తంలో ఇంతకు మించిన ప్రయాణాన్ని నేను సూచించలేను.

సైకిల్

ఇక్కడ ఎంపిక సులభం. 1990లో మూతపడిన రైలు మార్గాన్ని సైకిల్ దారిగా మార్చి 2000లో తెరిచిన ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్, క్లైడ్ నుంచి మిడిల్‌మార్చ్ దాకా 152 కిలోమీటర్లు. ఒకప్పుడు రైలు నడిచిన దారి కాబట్టి నిటారు ఎక్కుళ్లు ఉండవు. సొరంగాలు, ఎత్తైన పాత వంతెనలు, పొడి గడ్డి కొండలు, పది పదిహేను కిలోమీటర్లకొక చిన్న ఊరు వస్తాయి. సామాను వాహనంలో ముందుగానే చేరవేసే సంస్థలు ఉన్నాయి, బ్యాటరీ సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. మూడు నుంచి ఐదు రోజుల్లో తీరిగ్గా ముగుస్తుంది. మౌంట్ కుక్ నుంచి తూర్పు తీరంలోని ఓమరూ దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే ఆల్ప్స్ టు ఓషన్ దారి దృశ్యాల్లో ఇంకా మిన్న కానీ, కంకర ఎక్కుళ్లు, ఎదురుగాలి తట్టుకునే కాళ్లు కావాలి. రొటోరువాలోని వాకరెవరెవ అడవి మౌంటెన్ బైకింగ్ తెలిసినవారికి.

బంగీ జంపింగ్ లాంటివాటిని ఈ పోలికలో చేర్చలేదు. క్వీన్స్‌టౌన్ దగ్గరి కవరౌ వంతెన మీద 1988 నుంచి నడుస్తున్న, కాళ్లకు రబ్బరు తాడు కట్టుకుని దూకే 43 మీటర్ల దూకుడు పూటలో అయిపోయే పని. అది పథకంలో ఎక్కడైనా ఇముడుతుంది, దాని కోసం పథకం మార్చుకోనక్కరలేదు.

క్యాంపర్‌వ్యానా, కారా?

లోపలే పడుకునే వీలున్న క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని ఎక్కడ చీకటి పడితే అక్కడ ఆగిపోవడం అందమైన ఊహ. కానీ ఎక్కడపడితే అక్కడ ఆగనివ్వరు. స్థానిక సంస్థలు అనుమతించిన చోట్ల, అది కూడా చాలా వరకు లోపలే స్థిరంగా అమర్చిన మరుగుదొడ్డి ఉండి ధ్రువీకరణ పొందిన వాహనాలకే ఆ వీలుంది. అసలు లెక్క వేరే ఉంది. మూడు రాత్రులు హట్‌లో పడుకునేవారు అదే మూడు రాత్రులు క్యాంపర్‌వ్యాన్‌కూ అద్దె కడుతున్నట్టే, అంటే ఒక నిద్రకు రెండు పడకల ఖర్చు. హట్ నడకలు ప్రధానమైతే చిన్న కారు, మోటెల్ గదులు, నడక మొదలయ్యే చోటికి షటిల్, ఇదే లాభం. రోజు నడకలు మాత్రమే చేస్తూ వాతావరణాన్ని బట్టి ఊరు మార్చాలనుకునేవారికి, ముఖ్యంగా పిల్లలున్న కుటుంబాలకు, క్యాంపర్‌వ్యాన్ నిజంగానే ఉపయోగం.

వాహనం ఏదైనా ఎడమ పక్కనే నడపాలి. ఊళ్ల బయట వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు అయినా కొండ మలుపుల్లో అంత వేగం కుదరదు. ఒకే వాహనం పట్టే వంతెనలు చాలా ఉన్నాయి. బోర్డు మీద ఏ బాణం చిన్నదో ఆ వైపువారు ఆగాలి. తె అనౌ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్‌కు వెళ్లే దాదాపు 120 కిలోమీటర్ల దారిలో ఫోన్ సిగ్నల్ చాలా వరకు ఉండదు, కాబట్టి తె అనౌలోనే ట్యాంకు నింపుకోవాలి. ఆ దారిలో కారు ఆపితే కీయా అనే కొండ చిలుకలు వచ్చి అద్దాల రబ్బరు పీకుతాయి. వాటికి తిండి పెట్టకూడదు.

దిగే ముందు, ఎక్కే ముందు

నడకకు వెళ్లేవారు విమానాశ్రయంలో మిగతావారి కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. బూట్ల అట్టల్లో మట్టి, గుడారంలో గడ్డి గింజ ఉన్నా ఆపుతారు. తినే వస్తువు ఏదైనా ముందుగా ప్రకటించాలి. దాచినట్టు తేలితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనె, తాజా పండ్లు, విత్తనాల జోలికి పోకపోవడం ఉత్తమం. నడకకు కావలసిన తిండి, గ్యాస్ డబ్బాలు క్వీన్స్‌టౌన్, తె అనౌ, మోటువెకా వంటి ఊళ్లలో కొనుక్కోవచ్చు. వీసా రుసుముతోపాటు చాలా దేశాలవారు 100 న్యూజిలాండ్ డాలర్ల సందర్శకుల లెవీ కూడా కట్టాలి. ప్రమాదంలో గాయపడిన సందర్శకుల చికిత్సకు అక్కడి ప్రభుత్వ పథకం తోడ్పడుతుంది గానీ, జబ్బులకు, మధ్యలో ఆగిన ప్రయాణానికి, స్వదేశానికి చేర్చడానికి అది వర్తించదు. అందుకే బీమా తీసుకోవాలి.

పాములు లేని దేశం అది. బాధించేవి ఇసుక ఈగలు, ముఖ్యంగా ఫియర్డ్‌లాండ్‌లో. నిలబడితే కుడతాయి, నడుస్తుంటే వదిలేస్తాయి. ఎండలో అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి కాబట్టి చల్లని రోజున కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి. వంతెన లేని వాగు పొంగితే నీరు తగ్గేదాకా ఆగడం తప్ప మరో దారి వెతకకూడదు. సిగ్నల్ లేని కొండల్లో సహాయం కోసం ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న బీకన్ అద్దెకు దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు వెళ్తున్నా ఒకటి వెంట ఉంచుకోవాలి.

ఎన్ని రోజులకు ఏది

ఎనిమిది తొమ్మిది రోజులే ఉన్నవారు ఉత్తర దీవిలో టాంగరీరో దగ్గర నాలుగు రాత్రులు, వాంగనుయి నది మీద మూడు రోజులు గడపవచ్చు. దక్షిణమే కావాలంటే ఆక్లాండ్ నుంచి నేరుగా క్వీన్స్‌టౌన్‌కు విమానంలో వెళ్లి, తె అనౌలో ఆరు రాత్రులు ఉండి కెప్లర్ నడిచి, ఒక రోజు మిల్‌ఫర్డ్ సౌండ్ చూడాలి. రెండు వారాలుంటే నెల్సన్ వైపు ఐదు రోజులు, తె అనౌ వైపు ఆరు రోజులు, వాటి మధ్య పడమటి తీరం వెంట రెండు రోజుల ప్రయాణం సరిపోతాయి. వయసు మీరిన తల్లిదండ్రులతో వెళ్లేవారు ఏబెల్ టాస్మన్‌ను, రైల్ ట్రైల్‌ను కలిపితే అందరూ కలిసే ఉండవచ్చు. మూడు వారాలు దాటితేనే కుక్ జలసంధి దాటే ఆలోచన చేయాలి. అప్పుడు కూడా కారును ఓడ ఎక్కించే బదులు వెల్లింగ్టన్‌లో ఒకటి అప్పగించి పిక్టన్‌లో మరొకటి తీసుకునే వీలుందేమో అద్దె సంస్థను అడగాలి.

బుకింగ్ చేసే క్రమం కూడా మామూలు ప్రయాణాలకు తిరగేసి ఉంటుంది. సాధారణంగా ముందు విమానం టిక్కెట్టు కొని తర్వాత మిగతావి చూసుకుంటారు. ఇక్కడ అన్నిటికంటే దొరకనివి హట్‌లు కాబట్టి ముందు వాటి తేదీలు ఖాయం చేసుకోవాలి. వేసవి హట్‌ల బుకింగ్ ఆ ఏడాది మధ్యలోనే తెరుచుకుంటుంది. తర్వాత నడక మొదలుకు చేర్చే పడవ లేదా షటిల్, ఆ తర్వాత విమానం, చివరగా కారు, గదులు. నడక ముగిసిన రోజుకూ తిరుగు విమానానికీ మధ్య రెండు రాత్రులు వదిలితే, కొండల్లో ఒక రోజు ఆలస్యమైనా విమానం చేజారదు.